పైకొచ్చినావా?

మా పెద్దమామ కాశప్ప పొద్దున్నే లేచి మిద్దెను పలకరిస్తాడని మా వీధి వీధంతా నవ్వేది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు? పోయిన వానాకాలం మొదట్లో నవ్విన నేనే, అది ముగిసేసరికి ఆయనకు చేతులెత్తి మొక్కాను.

ఎండలింకా తగ్గకముందు ఒక రేకుపెట్టె, ఒక పొడుగు కర్ర పట్టుకుని ఎమ్మిగనూరు బస్టాండులో దిగాడాయన. మా ఆయన శివప్రసాద్‌కు పెద్దనాయన, మా మామకు సొంత అన్న. పడుచుతనంలో కరువుకు తాళలేక మగ్గం వదిలేసి, ఇల్లందు దిక్కు గుట్టల్లో బొగ్గుబావుల పనికి పోయాడు. "మగ్గం గుంటలోంచి లేచి బొగ్గు గుంటలో పడినాడు" అని మా అత్త బతికున్నన్నాళ్ళూ ఆయన్ని తలుచుకునేది. పెళ్ళి అక్కడే, కాపురం అక్కడే, రిటైరయిందీ అక్కడే. పిల్లల్లేరు. భార్య లక్ష్మి పోయింది. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, కార్మికుల వరుస ఇళ్ళు ఖాళీ అయిపోతే, చివరికి పుట్టిన ఊరు గుర్తొచ్చింది.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా ఆయన, పదో తరగతి చదివే మా స్వాతి. ఉన్నది పాత మట్టి మిద్దె. ముందు వసారా, పక్కన వంటిల్లు, వెనక మగ్గం ఇల్లు. మగ్గం ఇంటి కప్పు ఎంత కిందికంటే, పొడుగరి ఎవరైనా చేయెత్తితే దూలం అందుతుంది. మా పెద్దమామ పొడుగరి.

వచ్చిన మర్నాడు టీ కూడా తాగకుండా ఆ కర్ర పట్టుకుని మగ్గం ఇంట్లోకి పోయాడు. ఎడమ అరచెయ్యి దూలానికి ఆనించి, కుడిచేత్తో ఇనప పొన్ను తొడిగిన కర్రతో టక్కు టక్కున కొట్టసాగాడు.

"ఏంది మామా, ఎలుకలుండాయా?" అన్నాను.

"ఎలకలు కాదమ్మా, కప్పును అడుగుతాండాను. బాయిలో దిగినంక మొదటి పని గిదే. మంచి కప్పు కంగుమంటాది. సెడ్డ కప్పు బొదబొదమంటాది. నా సెవులు బొగ్గు పేల్సే బాంబుల మోతకు ఎప్పుడో సగం పోయినాయి, సెయ్యే నాకు సెవి. కప్పు పలికితే అరసేతికి తెలుస్తాది."

"బాయి", "గిదే" వింటే మా స్వాతికి నవ్వాగదు. "తాతా, నువ్వు యా ఊరోడివి ఇంతకూ?" అని అడిగింది.

"బొగ్గుట్టోణ్ణి, ఇల్లందుకు మా పిలుపు అదే. ఆడ బీహారోడు, ఒరిస్సావోడు, పాలమూరోడు, మన ఆదోనోడు, అందరం ఒక్క గిన్నెలో తినినోళ్ళమే. అందరి మాటా కొంచెం కొంచెం అంటుకుండాది, మసి అంటినట్ల."

ఆయనకు ఇంకో పిచ్చి కూడా ఉండేది. మా ఆయన గానీ నేను గానీ మగ్గం గుంటలోంచి లేచి బయటికొస్తే చాలు, వసారాలోంచి కేక వేసేవాడు. "శివా, పైకొచ్చినావా?" వచ్చినా అని జవాబు చెప్పేదాకా వదిలేవాడు కాదు.

"అది మోకాటి లోతు గుంట పెద్దనాయనా. పైకి రాకుండా యాడికి పోతాం!" అని మా ఆయన విసుక్కున్నాడొకసారి.

"ఎంత లోతైతేనేమి నాయనా? షిఫ్టు దిగినంక జతగాడు జతగాణ్ణి అడగాల. వాడు వచ్చినా అనాల. అడగకుంటే వాడింకా లోపలుండినట్లే. అది మా గుట్ట మీద మర్యాద."

మా ఆయన తల కొట్టుకున్నాడు. నేను మాత్రం టీ గ్లాసు ఇచ్చి "వచ్చినా మామా" అనేదాన్ని. ఒక గుక్క తాగి "బాగుందమ్మా" అనేవాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆ ఇంట్లో నా టీ బాగుందన్న మగాడు ఆయనొక్కడే. నాకు తండ్రి ముఖం తెలియదు. ఆ ఒక్క మాటకే ఆయన మీద ప్రాణం పెట్టుకున్నాను.

వానల ముందు మిద్దె మీద చౌడుమట్టి పోయించడం మా దిక్కున అందరూ చేసేదే. చౌడు పోస్తే వాన దిగదు. మా ఆయన బండెడు మట్టి తెప్పించి పోయిస్తుంటే పెద్దమామ వాకిట్లో నిలబడి పైకి చూశాడు.

"బరువు పెంచుతాండావు శివా."

"మా నాయన పోసినాడు, వాళ్ళ నాయన పోసినాడు. నేనేమన్నా కొత్తగా పోస్తాండానా?"

"అందుకే అంటాండాను. వాళ్ళు పోసిందంతా ఇంకా ఆడనే ఉంది కదప్పా."

మా ఆయనకు కోపం వచ్చింది. పెద్దమామ ఆ కోపాన్ని పట్టించుకోకుండా వేపగుంజ ఒకటి సంపాదించి, మగ్గం ఇంటి నడిమి దూలం కింద పోటు పెట్టాడు. "ఈ దూలం గొంతు నాకు నచ్చలేదు" అన్నాడు. "గుంజ ఉంటే అది సెప్తాది. కూలే ముందర కట్టె కిర్రుమని ఏడుస్తాది. కట్టె ఏడ్సినప్పుడు మనిషి ఉరకాల."

మగ్గం ఖాళీగా ఉన్నన్ని రోజులు ఆ గుంజ అట్లాగే నిలబడింది. ఆ తర్వాత ఆదోని సావుకారు పెళ్ళి పట్టుచీరకు పడుగు పంపాడు. పడుగంటే తెలుసు కదా, నిలువు దారాలు. మగ్గం దగ్గర్నుంచి ఎదురు గోడ మేకు దాకా ఇంటి పొడుగునా తాడేసి బిగించాలి. సరిగ్గా ఆ దారికి అడ్డంగా ఉంది గుంజ.

"గుంజ ఉండాలంటే పడుగు వంకర పోవాల. పడుగు వంకరపోతే చీరే వంకర" అని మా ఆయన గుంజను మూరెడు పక్కకు జరిపేశాడు. దూలం ఒకచోట, గుంజ ఒకచోట. నేతపనివాడు ఎవడైనా అదే చేసేవాడు. మాకు పడుగు తిన్నగా ఉంటే లోకమంతా తిన్నగా ఉన్నట్టే. పెద్దమామ చూశాడు. ఆ రోజు నుంచి పూటపూటా తట్టడం మొదలుపెట్టాడు.

తడితే ఏమవుతుంది? మన్ను రాలుతుంది. ఎక్కడ? పట్టు పడుగు మీద.

ఆ పొద్దు మా ఆయన కేకకు పక్కింటి కాకులు కూడా లేచిపోయాయి. "ఇది బొగ్గు కాదు పెద్దనాయనా, పట్టు! ఒక్క మరక పడితే సావుకారు మొగాన కొడతాడు. ఇంగ నా వల్ల కాదు. ఈ చీర మగ్గం దిగినంక దసరాకు నిన్ను గోనెగండ్లలో మాదన్న ఇంట్లో దింపి వస్తా. ఆడ స్లాబు ఇల్లుంది. నీ ఇష్టమొచ్చినట్ల తట్టుకో." మాదన్న మా ఆయన చిన్నాయన కొడుకు. మంచివాడే, కానీ ఇంట్లో రోజంతా టీవీ తప్ప మనిషి మాట వినబడదు.

పెద్దమామ భుజం మీది తువ్వాలుతో కర్ర కొసను తుడిచాడు. మూలకు ఆనించాడు. "సరే శివా" అన్నాడు.

ఆయన్ని పంపడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. మా ఆయనకు నచ్చజెప్పి చూశాను. "నువ్వు టీ పోసేదానివి, నేను నేసేవాణ్ణి. మన్ను పడితే ఎవరికి పోతాది?" అన్నాడు. ఆ మాటా అబద్ధం కాదు.

రెండు మూడు రోజుల తర్వాత పెద్దమామ నన్ను అడిగాడు. "మల్లీ, ఆదోనికి ఒకసారి తోడొస్తావా? ఈ కర్ర ఇయ్యాల్సినోళ్ళకు ఇచ్చేస్తా. స్లాబు ఇంట్లో దీంతో పనేముంది."

ఆదోనిలో లాలాబీ అనే ముసలామె ఇంటికి తీసుకుపోయాడు. గుట్ట మీద వరుస ఇళ్ళలో వీళ్ళ పక్కిల్లే. మొగుడు పోయాక పుట్టిన ఊరికి వచ్చేసిందట. కర్ర ముందర పెట్టగానే ఆమె కళ్ళు చిట్లించి, "ఇదేంది కాశప్పన్నా? ఇచ్చిన వస్తువు వాపసు తెస్తారా? కూకో, చాయ్ తాగు" అని గదిమింది. నన్ను మాత్రం పొయ్యి దగ్గరికి పిలుచుకుంది.

"ఈ కర్ర మా ఇంటాయనది బేటీ. మక్బూల్‌ది. నీకు సెప్పినాడా?"

చెప్పలేదన్నాను.

"సెప్పడు. ఇద్దరూ జతగాళ్ళు. ఒకడు బొగ్గు కొట్టాల, ఒకడు కప్పు సూడాల. ఆ పొద్దు మా ఆయన తట్టినాడు. సెడ్డ మోత వచ్చింది. ముందర మీ మామను నూకినాడు బయటికి. ఎనకనే తాను రావాల్సింది. రాలే." చాయ్ పొంగబోతుంటే కొంగుతో గిన్నె దించింది. "వేళగాని వేళ సైరన్ మోగితే మా ఆడోళ్ళకు కాళ్ళు ఆగుతాయా? నేను రొట్టెల పిండి సేతులతోనే ఉరికినా. పైకొచ్చినోళ్ళను వాళ్ళ వాళ్ళు అడుగుతాండారు, పైకొచ్చినావా, పైకొచ్చినావా అని. మీ మామ వచ్చి నా ముందర నిలబడినాడు. ఆయన్ని అడగాల్సిన జతగాడు లోపలుండాడు. లక్ష్మక్క నన్ను పట్టుకోనుండె. ఎవురూ అడగలే. నాకూ నోరు రాలే బేటీ. ఆ పొద్దు నుంచి ఆయన ఊరందర్నీ అడుగుతాండాడు."

ఆమె గొంతులో కోపం లేదు. ముందుగదిలో పెద్దమామ చెవులు వినబడక తనలో తాను నవ్వుకుంటూ గోడ మీది పటాలు చూస్తున్నాడు.

వచ్చేటప్పుడు లాలాబీ కర్ర తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇది మూలకు పడుండే కర్ర కాదు. ఆయన సెవులు పోయినాయి, నీవి బాగుండాయి కదా? నేర్సుకో."

నేర్చుకున్నాను. మా ఆయన బయటికి పోయినప్పుడల్లా పెద్దమామ నా చేత నిండు బిందె తట్టించాడు, వట్టి బిందె తట్టించాడు, గుమ్మడికాయ తట్టించాడు, రోలు తట్టించాడు. ఎడమ అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకోమన్నాడు. "సెవితో వినొద్దు మల్లీ. సెవి మోసం సేస్తాది." ఆ తర్వాత మగ్గం ఇంట్లో ముక్కాలిపీట వేసుకుని దూలాలు. మన్ను సంగతంటారా? పడుగు మీద పాత దుప్పటి పరిచేదాన్ని. అంత చిన్న ఉపాయం ఇంట్లో ఉన్న ఇద్దరు మగాళ్ళకూ తట్టలేదు చూడండి! కోపంతో ఒకరు, మర్యాదతో ఒకరు కూర్చున్నారు.

వినాయకుణ్ణి నీళ్ళలో కలిపాక ముసురు పట్టింది. ఆగి ఆగి కాదు, పగలూ రాత్రీ ఒకటే ధార. వీధిలో ఎవరి మిద్దె చూసినా తడిసి నల్లబడిపోయింది. పెద్దమామకు జ్వరం వచ్చి వసారాలో మంచం పట్టాడు. బడికి సెలవిచ్చారని స్వాతి మగ్గం ఇంటి వాకిట్లో కూర్చుని దారపు కండెలు చుడుతోంది. మా ఆయన పొద్దున్నుంచి గుంటలోంచి లేవలేదు. కొంగు నేత దాకా వచ్చింది. చీర దిగుతుంది, దసరా వస్తుంది, ఆయన పోతాడు. నాకు ఆ మగ్గం చప్పుడు వినాలనే లేదు.

దారమేదో తెగి మా ఆయన ముడి వేసుకుంటుంటే, నేను దుప్పటి పరిచి ముక్కాలిపీట ఎక్కాను.

"నువ్వూ మొదలుపెట్టినావా?" అన్నాడు.

"నీ పట్టు మీద పడదులే. నీ పని నువ్వు చూసుకో."

గోడ పక్క దూలం పలికింది. నడిమి దూలం దగ్గరికి వచ్చి అరచెయ్యి పెట్టి కొట్టాను. చేతికి ఏమీ రాలేదు. ఇంకోసారి కొట్టాను. నానిన గోనెసంచిని కొట్టినట్టుంది. నా లెక్క తప్పేమో అనుకుని మళ్ళీ గోడ పక్కది కొట్టి చూసి, దిగి వసారాలోకి పరుగెత్తాను. పిలిస్తే వినబడలేదు. చెయ్యి పట్టి లేపాను.

పెద్దమామ కాలిపోతున్న ఒంటితో వచ్చి అరచెయ్యి దూలానికి ఆనించాడు. నా చేతిలోంచి కర్ర తీసుకుని ఒక్కసారి కొట్టాడు. ఎప్పుడూ అన్నిసార్లు కొట్టే మనిషి, ఆ పొద్దు ఒక్కసారే. కర్ర నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"శివా, లెయ్యి."

"ఇంకొక మూరే పెద్దనాయనా. కొంగు అయిపోతాది."

"లెయ్యి నాయనా."

"చీర దిగినంకనే లేచేది!" అని మా ఆయన అడ్డదారం నాడెను పడుగులోకి విసిరాడు.

పెద్దమామ ఎదురు గోడకు పోయాడు. గూట్లో ఉన్న కత్తి తీసుకుని, పడుగును బిగించిన తాడు కోసేశాడు.

నేతగాని ఇంట పుట్టినవాడు చేయరాని పని ఏదైనా ఉందంటే అదే. పసిపిల్లలు ఆటకు ఆ తాడు ముట్టుకున్నా వీపు పగులుతుంది. బిగిసి నిలబడ్డ పట్టంతా ఒక్కసారి జారి నేల మీద కుప్ప పడింది. మా ఆయన నోట వచ్చింది మాట కాదు, గర్జన. గుంటలోంచి ఒక్క ఉరుకున లేచాడు. పెద్దమామ అప్పటికే కత్తి పారేసి వాకిలి దాటుతున్నాడు. మా ఆయన ఆయన వెంట, నేను స్వాతిని ముందుకు తోసుకుంటూ వాళ్ళ వెంట, కర్ర చేతిలోనే ఉంది, అందరం వానలో వాకిట్లో పడ్డాం.

"నువ్వు మనిషివేనా? మన ఇంటోడివేనా నువ్వు?" అని మా ఆయన ఆయన చొక్కా పట్టుకున్నాడు.

అప్పుడు లోపల కట్టె కిర్రుమంది. పక్కకు జరిపిన గుంజే అది. తన మీద లేని బరువు తన మీదికి వచ్చినట్టుంది. ఆ వెంటనే ధాన్యం మూట దించినట్టు దబ్బుమన్న చప్పుడు వినబడింది, అంతే. మా మామ పోసిన చౌడు, ఆయన నాయన పోసిన చౌడు, మా ఆయన పోసిన చౌడు, అంతా కలిసి మగ్గం గుంటలోకి దిగింది.

మా ఆయన చెయ్యి పెద్దమామ చొక్కా మీదే ఉండిపోయింది. వదలడం మరిచిపోయినట్టున్నాడు. పెద్దమామ ఆ చేతిని తోసెయ్యకుండా అట్లాగే నిలబడి మాకేసి తిరిగాడు.

"స్వాతీ, పైకొచ్చినావా?"

"వచ్చినా తాతా" అంది నా బిడ్డ ఏడుస్తూ.

"మల్లీ, పైకొచ్చినావా?"

"వచ్చినా మామా."

"శివా, పైకొచ్చినావా?"

మా ఆయన పలకలేదు. పెద్దమామ మళ్ళీ అడిగాడు. జవాబు చెప్పేదాకా ఆయన వదలడు కదా.

"వచ్చినా" అన్నాడు మా ఆయన.

అందరి లెక్కా అయిపోయినట్టు పెద్దమామ తల ఊపి, వెనక్కి తిరిగి అరుగు మీద కూర్చోబోయాడు. లాలాబీ మాట నా నాలుక చివరే ఉంది. అడగాలని నోరు తెరిచాను. ఏడుపు వచ్చింది గానీ మాట రాలేదు. ఆదోనిలో విన్న సంగతి మా ఆయనకు నేనింకా చెప్పనేలేదు. ఆయనకేమీ తెలియదు.

ఏమీ తెలియని మా ఆయనే చొక్కా వదిలి, పెద్దమామ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పెద్దనాయనా, నువ్వు పైకొచ్చినావా?"

"ఆఁ?" అన్నాడు పెద్దమామ, కాస్త వినబడే చెవి ఇటు తిప్పి. వాన మోత అట్లా ఉంది.

మా ఆయన వంగి ఆ చెవిలో కేకేశాడు. "నువ్వు పైకొచ్చినావా అని అడుగుతాండాను!"

పెద్దమామ మా ఆయన ముఖంలోకి చూశాడు. నా చేతిలోని కర్రను చూశాడు. వానలో తడిసిన ముఖం కాబట్టి ఏది వానో ఏది కాదో నాకు తెలియలేదు.

"వచ్చినా" అన్నాడు. "వచ్చినా నాయనా. ఇప్పటికి వచ్చినా."

మిగతా కప్పును నమ్మలేక దసరాకు గోనెగండ్ల పోయాం, నలుగురమూ. దింపి వస్తానన్న మనిషే సంచులు మోసుకుంటూ మాదన్న స్లాబు ఇంట్లో దిగాడు. పాపం మాదన్న, ఒక్క ముసలాయన వస్తాడనుకుంటే సంసారమంతా దిగబడిందని నవ్వి, టీవీ ఆపి చాపలు వేశాడు. సావుకారు చీర మన్నులో కలిసింది. ఆయన తిట్టాడు, మేం పడ్డాం. బతికున్నవాళ్ళకు తిట్లొక లెక్కా?

మర్నాడు పొద్దున్నే టక్కు టక్కుమని చప్పుడు వినబడి లేచాను. పెద్దమామ పక్క మీదే ఉన్నాడు, మెలకువగా. చప్పుడు ముందుగదిలోంచి వస్తోంది. పోయి చూస్తే మా ఆయన కుర్చీ ఎక్కి, ఎడమ అరచెయ్యి స్లాబుకు ఆనించి, కళ్ళు మూసుకుని కర్రతో తడుతున్నాడు. నేను టీ పెట్టి ఇద్దరికీ పోశాను. పెద్దమామ ఒక గుక్క తాగి నా వైపు చూసేలోపే, కుర్చీ మీదినుంచి మా ఆయన అన్నాడు, "బాగుంది మల్లీ" అని.